శబ్దం వస్తోంది కదా అన్నాను

నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. రాయమంటే అక్షరాలు వరసలో కూర్చోవు గానీ, చెప్పమంటే పొద్దు గూకేదాకా చెబుతాను. మా కోడలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతుంటే ఇది రాస్తున్నాను. ఇళ్ళకి వెళ్ళి కంప్యూటర్లూ స్పీకర్లూ బాగుచేసే పనిలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. సర్టిఫికెట్లు తెచ్చుకుని మరీ వస్తున్నారు, మంచిదే. సర్టిఫికెట్టులో ఉండని సంగతులు కొన్ని ఉంటాయి. అవి చెబుతాను.

బల్లల కింద దూరడానికి మోకాళ్ళు ఒప్పుకోక పోయిన ఏడు పని మానేశాను. మానేసినా భయం మానలేదు. ఎవరైనా పాత గిరాకీ నుంచి ఫోను వస్తే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. నేను "బాగానే ఉందండీ" అని చెప్పి వచ్చేసిన ఇల్లు బాగాలేదేమో అని. ఆ భయం నన్ను పట్టుకున్నది కూచిపూడిలో ఒక డాన్సు టీచరు గారింట్లో. అక్కడికి వస్తాను. ముందు ఈ పనిలోకి ఎలా వచ్చానో కాస్త వినండి.

అబ్బా చెప్పిన వరస

మా నాన్నను మేం అబ్బా అని పిలిచేవాళ్ళం. విజయవాడ వన్ టౌన్‌లో పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. కొడుకులు లేరు, ఇద్దరం ఆడపిల్లలం. అక్క నసీమా వంటింట్లోకి పోయింది, నేను మైకుల గదిలోకి పోయాను. పదేళ్ళకే టంకం పెట్టడం వచ్చు నాకు. అబ్బా ఒక్కటే చెప్పేవాడు.

"శబ్దం రాకపోతే ముందు వైరు కొసలు చూడు బేటీ. తర్వాత వైరు మధ్యలో చూడు. పెట్టె మాత్రం అన్నిటికంటే ఆఖర్న విప్పు. పెట్టె విప్పినవాడు గొప్పోడు కాదు, విప్పకుండా బాగుచేసినవాడు గొప్పోడు."

పెళ్ళయ్యాక భవానీపురం వచ్చాను. మా ఆయన దర్జీ. కొన్నేళ్ళు ఆయన పక్కన కాజాలు కుట్టాను. తర్వాత ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, వాటి పక్కన చిన్న చిన్న స్పీకర్లు వచ్చాయి, అవి పలకడం మానేయడం కూడా మొదలైంది. పగటిపూట ఇళ్ళల్లో ఉండేది ఆడవాళ్ళే కదా. ఆడమనిషి రిపేరుకి వస్తుందంటే తలుపు వెంటనే తీసేవాళ్ళు. అలా కంప్యూటర్ల కొట్టు సుబ్బారావు గారి దగ్గర పనిలో చేరాను. వీధిలో నాకు స్పీకరమ్మ అని పేరు పడింది.

సుబ్బారావు గారి మూడు ప్రశ్నలు

సుబ్బారావు గారు చిరాకు మనిషి. మెచ్చుకోవడం ఆయన కోష్ఠీలోనే లేదు. కానీ మూడు ప్రశ్నలు నేర్పారు. గిరాకీ ఇంట్లో సంచి కింద పెట్టక ముందే అడగాలి అవి.

"ఎప్పటిదాకా బాగా పలికింది? ఆ తర్వాత ఏం మారింది? ఎవరు ముట్టుకున్నారు? ఈ మూడూ అడక్కుండా స్క్రూడ్రైవర్ తీశావంటే నువ్వు మా కొట్టు మనిషివి కాదు, తెలిసిందా?"

తెలిసిందన్నాను. తెలియలేదని నెల తిరక్కుండా తేలింది.

కాలేజీలో గుమస్తా చేసి రిటైరైన ఒకాయన, సత్యనారాయణ గారని, స్పీకర్లు పలకడం లేదని కబురు పెట్టారు. వెళ్ళాను. వైరు కంప్యూటరు పెట్టె వెనక ఆకుపచ్చ రంధ్రంలోనే ఉంది. గులాబీ రంగుది మైకుది, అందులో పెడితే శబ్దం రాదు. సగం ఇళ్ళల్లో జబ్బు అంతే. ఇక్కడ అది కాదు. స్పీకరు దీపం వెలుగుతోంది. బొత్తాం తిప్పి ఉంది. సరే, లోపలే పోయిందని స్పీకరు విప్పాను. అందులో సన్నటి తీగ ఒకటి నా చేతిలోనే తెగింది. అతికించాను, అయినా పలకలేదు. కొట్టుకి తెచ్చాను.

సుబ్బారావు గారు దాన్ని కొట్టులో కంప్యూటరుకి తగిలించారు. బ్రహ్మాండంగా పాడింది.

"ఆయన ఇంట్లో కొత్తగా ఏం కొన్నారు?"

"తెర కొన్నారండి. పెద్దది."

"మరి ఆ తెర వచ్చిన రోజు నుంచీ కంప్యూటరు శబ్దాన్ని దానికి పంపుతోందమ్మా. ఆ తెరకేమో నోరే లేదు. గడియారం పక్కనున్న బుల్లి స్పీకరు బొమ్మ మీద నొక్కి, శబ్దం ఎటు పోవాలో చెబితే అయిపోయేది. ముక్కు పట్టేసిందని వస్తే కడుపు కోసి పంపావు."

రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. సత్యనారాయణ గారు మాత్రం ఏమీ అనలేదు. "పోన్లేమ్మా, మా ఆవిడ వారం రోజులుగా నా పాటలు లేక హాయిగా నిద్రపోతోంది" అన్నారు.

అప్పట్నుంచి మూడు ప్రశ్నలూ అడిగేదాన్ని. దాని మూలాన ఎన్నో ఇళ్ళు గట్టెక్కాను. స్పీకరులో గుర్రుమని శబ్దం వస్తోందంటే ఆ ప్లగ్గులో ఇంకేం పెట్టారని అడిగేదాన్ని. అదే బోర్డు మీద మిక్సీ ఉండేది. ఒక పక్కే పలుకుతోందంటే ఎవరు ఊడ్చారని అడిగేదాన్ని. చీపురు తగిలి పిన్ను సగం బయటికి వచ్చి ఉండేది. పాతికేళ్ళలో నేను నిజంగా పెట్టె విప్పిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అన్నేళ్ళు అడిగి, అడగాల్సిన చోట అడగలేదు. అదే చెప్పబోతున్నాను.

గజ్జెలకి తగిలిన వైరు

రాజ్యలక్ష్మి గారు కూచిపూడిలో నాట్యం నేర్పుతారు. వాళ్ళ నాన్నగారు కూడా నాట్యాచార్యులే. అరవై దాటిన మనిషి, పిప్పళ్ళబస్తాలా కాదు, చెరుకుగడలా ఉంటారు. వాళ్ళ చెల్లెలు మా భవానీపురంలోనే ఉంటుంది, ఆవిడ ద్వారా నేను తెలుసు. కరోనా నాటి నుంచి టీచరు గారి పాఠాలు సగం కంప్యూటరులోనే. హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోయిన కుటుంబాల పిల్లలు పదకొండు మంది. పిల్ల తన ఇంట్లో పాట పెట్టుకుని ఆడుతుంది, టీచరు గారు ఇక్కడ తెర మీద అడుగులు చూస్తూ, స్పీకర్లలో ఆ పాట వింటూ తప్పులు చెబుతారు. ఈవిడ ఇక్కడ తాళం వేస్తే అది అక్కడికి చేరేసరికి ఆలస్యమవుతుందని, పాట పిల్ల దగ్గరే మోగాలని నియమం.

ఒకసారి ఆవిడ అడుగు చూపిస్తుంటే కాలి గజ్జెలు స్పీకరు వైరుకి చుట్టుకున్నాయి. స్పీకరు కింద పడింది, ఆవిడ పడబోయి గోడ పట్టుకున్నారు. నన్ను పిలిపించారు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. పొడుగు వైరు తెచ్చి, గోడ మొదట్లోంచి క్లిప్పులు కొట్టుకుంటూ, గుమ్మం చుట్టూ తిప్పి బల్ల దగ్గరికి తేవాలి. గంటసేపు నేల మీద వంగాలి. ఆ రోజు నా మోకాళ్ళు కుండల్లా వాచి ఉన్నాయి. ఆ స్పీకర్లకి బ్లూటూత్ కూడా ఉంది. రెండు నొక్కులు నొక్కితే వైరుతో పనిలేకుండా పలికాయి.

"ఇక మీ కాళ్ళకి ఏదీ అడ్డం రాదు టీచర్ గారూ" అన్నాను. ఆవిడ మురిసిపోయి నాకు పెసరట్టు పెట్టారు. ఆ వైరు చుట్టచుట్టి నా సంచిలో వేసుకున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

బాగానే ఉంది అన్న మాట

నెల దాటాక మళ్ళీ ఫోను చేశారు. "జరీనా, ఒకసారి వచ్చి స్పీకర్లు చూసి పోతావా? శబ్దం సరిగ్గా వస్తోందో లేదో." గొంతు పల్చగా ఉంది.

వెళ్ళాను. సినిమా పాట ఒకటి పెట్టాను. రెండు పక్కలా గణగణమంటోంది. బొమ్మలో పెదాలు కూడా చూశాను, మాటకి సరిగ్గా కలుస్తున్నాయి. కుడి, ఎడమ, హెచ్చు, తగ్గు అన్నీ చూశాను. నా లెక్కలో పరీక్ష అంటే అదే.

"శబ్దం వస్తోంది కదండీ. దివ్యంగా ఉంది టీచర్ గారూ. ఏ లోపమూ లేదు."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

"అయితే నాలోనే ఉందన్నమాట" అన్నారు.

అప్పుడు చెప్పారు. మూడు వారాలుగా పిల్లలు అందరూ పాట కంటే ముందు అడుగు వేస్తున్నట్టు అనిపిస్తోందట. ముందు పడుతోంది, ముందు పడుతోంది అని అందర్నీ ఆపుతున్నారట. హాసిని అని ఒక పిల్ల ఉంది, అందరిలోకి తాళం నిక్కచ్చిగా ఉండే పిల్ల. దాన్ని కూడా ఏడిపించారట. వాళ్ళమ్మ ఊరుకోలేక, ఫోనులో పిల్ల ఆట తీసి పంపించింది. టీచరు గారు తన ఫోనులో పదిసార్లు చూసుకున్నారట.

"పిల్ల తప్పు ఒక్కటీ లేదు జరీనా. వెంట్రుకవాసి తేడా లేదు. మా నాన్నగారికీ ఇలాగే మొదలైంది. ముందు తాళం పోయింది. తర్వాత మాట తడబడింది. ఆఖరికి నేనెవరో తెలియలేదు. ఆరేళ్ళు పట్టింది మొత్తం. కంప్యూటరులో ఏదైనా లోపం ఉందేమోనని ఆఖరి ఆశతో నిన్ను పిలిచాను."

నేనేమన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "వయసన్నాక అందరికీ ఉండేదే కదండీ" అన్నాను. ఓదార్పు అనుకుని అన్నాను.

"వచ్చే ఆదివారం పదింటికి పిల్లలూ తల్లులూ అందరూ కంప్యూటరులోకి వస్తారు" అన్నారు ఆవిడ. "ఇంకో గురువుని చూసుకోమని చెప్పేస్తాను. తాళం లేని మనిషి దగ్గర పిల్లలు ఎందుకు పాడవ్వాలి?"

కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. మనం స్పీకరు బాగానే ఉంది అన్నామంటే, తప్పు ఇంట్లో మనిషిది అని తీర్పు చెప్పినట్టే. మనకి అది రెండు ముక్కల మాట. వాళ్ళు దాన్ని పట్టుకుని ఏం చేసుకుంటారో మనకి తెలియదు. సుబ్బారావు గారి మూడు ప్రశ్నలు ఆ రోజు నేను అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఏం మారిందో నాకు తెలుసుననుకున్నాను. ఎవరు ముట్టుకున్నారు అంటే నేనే. మన చేతి పనిని మనం అనుమానించం. అదొక్కటే ఈ వృత్తిలో నేను చూసిన పెద్ద రోగం.

నసీమా ఆపా రోలు

ఆ వారమంతా మనసు మనసులో లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన "ఏమైంది, ఎవరింట్లో ఏం కాల్చి వచ్చావ్?" అని అడిగాడు. ఏమీ కాల్చలేదన్నాను. అదే నా బాధ, ఏదైనా కాలిపోయి ఉంటే బాగుండేది.

శనివారం మధ్యాహ్నం బందరు నుంచి మా అక్క, నసీమా ఆపా, వీడియో కాల్ చేసింది. మా కోడలు కంప్యూటరులో ఎత్తి, తన బ్లూటూత్ స్పీకరుకి కలిపింది, నాకు ఫోనులో సరిగ్గా వినపడదని. ఆపా ఫోను గోడకి ఆనించి, రోటి ముందు పీట వేసుకుని వెల్లుల్లి దంచుతోంది. తను దంచకుండా మాట్లాడలేదు, మాట్లాడకుండా దంచలేదు.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్?" అంటూ రోకలి వేసింది.

నేను రోకలి వంక చూస్తున్నాను. రోకలి రోట్లో పడింది. శబ్దం లేదు. రోకలి లేచింది. అప్పుడు ధడ్ మని వినపడింది.

మళ్ళీ పడింది. శబ్దం లేదు. లేచింది, ధడ్.

తెరకి దగ్గరగా జరిగాను.

"ఆపా, ఇంకా దంచు!"

"దంచుతూనే ఉన్నాగా?"

"మాట్లాడకుండా దంచు!"

నా సంచి గుమ్మరించాను. టీచరు గారింట్లోంచి తెచ్చిన వైరు అందులోనే ఉంది, చుట్ట విప్పకుండా. స్పీకరుకి ఒక కొస, కంప్యూటరు ఆకుపచ్చ రంధ్రంలో ఒక కొస పెట్టి, బ్లూటూత్ తీసేశాను. రోకలి పడింది. ధడ్. పడినప్పుడే ధడ్.

సంగతి ఏమిటంటే, వైరులో శబ్దం గొట్టంలో నీళ్ళలా వచ్చేస్తుంది. బ్లూటూత్‌లో దాన్ని మూట కట్టి గాలిలో పంపి, స్పీకరు దగ్గర మళ్ళీ విప్పాలి. ఆ కట్టడం విప్పడంలో రెప్పపాటు పోతుంది. సినిమా పాటలకి ఇది తెలియదు. ఎందుకంటే పాట చూపించే ప్రోగ్రాము తెలివైనది, శబ్దం వచ్చేదాకా బొమ్మని కూడా ఆపి వదులుతుంది. అందుకే పెదాలు కలిశాయి, అందుకే నేను మోసపోయాను. ఎదుటి మనిషితో మాట్లాడే కాల్‌లో చాలాసార్లు అలా ఆపరు. అక్కడ మాట కాస్త వెనకబడితే మనం నెట్టు అనుకుని ఊరుకుంటాం. రెప్పపాటు తేడా మీకూ నాకూ లెక్క కాదు. పిల్ల అడుగు ముందు, పాట వెనక. రెప్పపాటు మీదే బతికే మనిషికి అది జబ్బులా కనపడింది.

వెంటనే ఫోను చేశాను. అంతా చెప్పాను.

"జరీనా, నువ్వు మంచిదానివమ్మా" అన్నారు ఆవిడ. "మొన్న లోపం లేదన్నావు. నేను బాధపడ్డానని ఇవాళ ఉందంటున్నావు. నన్ను ఊరడించడానికి కల్పించకు. నేను మనసు సిద్ధం చేసుకున్నాను." పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మొన్న ఒక మాట, ఇవాళ ఒక మాట చెప్పిన మెకానిక్‌ని ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

ఉయ్యూరు దగ్గర ఆగిన బస్సు

ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. సంచిలో పొడుగు వైరు, క్లిప్పులు, చిన్న సుత్తి. పదింటికి ముందు చేరాలి, అంతే. ఆపాకి ముందే చెప్పాను, ఎనిమిదిన్నర నుంచి రోటి ముందు కూర్చుని ఉండమని.

ఉయ్యూరు దాటకముందే బస్సు ఆగింది. చెరుకు ట్రాక్టరు ఒకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగి, గడలన్నీ పరుచుకున్నాయి. జనం దిగి తలా ఒక గడ విరుచుకుంటున్నారు. నాకు కాళ్ళు నిలవడం లేదు. కండక్టరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను.

"ఎంతసేపు బాబూ?"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా, ట్రాక్టర్ని అడగండి. పెళ్ళికా?"

"కాదు."

"ఆసుపత్రికా?"

"కాదు బాబూ, స్పీకరుకి వైరు పెట్టడానికి."

అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే చెరుకు తినండి" అన్నాడు.

తినలేదు. కాలువ నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను. టీచరు గారు చెప్పేశాక నేను వెళ్ళి ఏం లాభం? పదకొండు ఇళ్ళల్లో మాట పడిపోయాక వెనక్కి తీసుకునే మనిషి కాదు ఆవిడ. పైగా తనకి జబ్బు మొదలైందని నమ్మి, ఇంట్లో ఒక్కతే కూర్చుని, ప్రతి చిన్న మరుపునీ లెక్కపెట్టుకుంటూ బతుకుతారు. లేని జబ్బుతో కూడా మనిషి కుంగిపోగలదు. అది నా మోకాళ్ళ బద్ధకం వల్ల. ఫోనులో టైము చూస్తాను, మూసేస్తాను, మళ్ళీ చూస్తాను.

ట్రాక్టరు లేచింది. కూచిపూడిలో దిగేసరికి పదికి ఇరవై నిమిషాలు తక్కువ. ఆటో కోసం చూడకుండా నడిచాను, నడిచానంటే నా మోకాళ్ళతో ఎంత పరుగు వస్తే అంత.

రోలు ముందు, పిల్ల తర్వాత

రాజ్యలక్ష్మి గారు గంజి పెట్టిన నేత చీర కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. చేతిలో మడతపెట్టిన కాగితం. చెప్పాల్సింది రాసుకున్నారు, మాట తడబడుతుందని భయపడి.

"ఎందుకమ్మా వచ్చావు?" అన్నారు. కోపం లేదు, అలసట.

"టీచర్ గారూ, నా మాట నమ్మొద్దు. మీ కళ్ళతో మీరే చూడండి. అయిదు నిమిషాలు ఇవ్వండి."

ఆవిడ కంప్యూటరులోంచే ఆపాకి కాల్ కలిపాను. తెర మీద రోలు, రోకలి, పక్కన మా అక్క మొహం.

"సలామండీ టీచర్ గారూ" అంది ఆపా. "మా చెల్లి నిన్న దంచించిన దంపుడికి ఇంట్లో వెల్లుల్లి అయిపోయింది. ఉత్త రోలే దంచుతున్నా, ఏమనుకోకండి."

రోకలి పడింది. శబ్దం లేదు. లేచింది. ధడ్.

టీచరు గారు తెరకి దగ్గరగా జరిగారు. అయిదారు దెబ్బలు చూశారు. నేను వైరు పెట్టాను, శబ్దాన్ని అటు మళ్ళించాను.

"దంచు ఆపా."

రోకలి పడింది. ధడ్.

ఆవిడ చెయ్యి తొడ మీదికి వెళ్ళింది. రెండో దెబ్బకి వేళ్ళు కదిలాయి. నాలుగో దెబ్బ నుంచి రోకలితో పాటు తాళం వేస్తున్నారు, పెదాలు లోపల్లోపల ఏవో పలుకుతున్నాయి. ఎనిమిది, పదహారు. ఎక్కడా తేడా లేదు.

"ఈవిడకి మంచి లయ ఉందమ్మా" అన్నారు, కళ్ళు తుడుచుకోకుండానే.

"ఏమంటున్నారే?" అంది ఆపా.

"నువ్వు బాగా దంచుతున్నావంటున్నారు!"

"నలభై ఏళ్ళ నుంచి దంచుతున్నా, ఇప్పుడా చెప్పడం?"

పదయింది. గళ్ళు గళ్ళుగా పిల్లల మొహాలు తెర మీదికి వచ్చాయి, వెనక తల్లులు. ఆపాని పంపించేశాం. టీచరు గారు కాగితం వంక చూసుకున్నారు, తెర వంక చూశారు. రోలు సరే, పిల్లల అడుగుల దగ్గర తన కన్నూ చెవీ ఏమంటాయో ఆవిడకింకా తెలియదు. నాకూ తెలియదు. నాన్నగారి జబ్బు నిజంగానే వచ్చి ఉంటే? వైరు దాన్ని బాగుచెయ్యదు కదా.

"హాసినీ" అన్నారు. "మొన్నటి జతి ఆడు."

ఆ పిల్ల నిలబడిన తీరులోనే భయం తెలుస్తోంది. పాట మొదలైంది. అడుగులు పడుతున్నాయి. టీచరు గారు కదలడం లేదు. వాళ్ళమ్మ వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తోంది. నేను స్పీకరు పక్కన వైరు పట్టుకుని నిలబడ్డాను.

"ఆగు."

పాట ఆగింది. వాళ్ళమ్మ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"మొదటి వరస బాగుంది. రెండో వరస బాగుంది" అన్నారు టీచరు గారు. "మూడో వరస తిరిగినప్పుడు ఎడమ కాలు ముందు పడింది. పడిందా, లేదా?"

నాకు ఆ తెరలోకి దూరి ఆ పిల్ల నోటి ముందు చెవి పెట్టాలనిపించింది.

"పడింది టీచర్" అంది హాసిని. "చాప జారింది. నేను కవర్ చేశాను, మీరు చూడలేదనుకున్నాను."

రాజ్యలక్ష్మి గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వేరే మనిషి.

"చూడలేదనుకున్నావా? చాప మీద ఎవరు ఆడమన్నారు నిన్ను? తీసెయ్ దాన్ని! వారం రోజులుగా నేను మెత్తబడ్డానని అందరూ అలుసు తీసుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి!"

వాళ్ళమ్మ చేత్తో నోరు మూసుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు.

టీచరు గారు తల తిప్పకుండానే కాగితాన్ని ఇంకో మడత పెట్టి, బల్ల మీద ఊగుతున్న స్పీకరు కింద దోపారు. ఊగడం ఆగింది.

నేను నేల మీద కూర్చుని, నెల క్రితం చెయ్యాల్సిన పని మొదలుపెట్టాను. గోడ మొదట్లోంచి క్లిప్పు, జానెడు దూరంలో ఇంకో క్లిప్పు. మోకాళ్ళు అరుస్తున్నాయి, అరవనీ అనుకున్నాను. పైన పిల్లలకి చీవాట్లు, ఒకదాని మీద ఒకటి. మూడో క్లిప్పు మీద సుత్తి వేస్తుంటే నాకూ పడ్డాయి.

"జరీనా! కొడితే తాళంలో కొట్టు, లేకపోతే ఆగు!"

తాళంలోనే కొట్టాను.